దక్షిణానికి పడిన నీడ

నేను రాయడం ఇదే మొదటిసారి. నాది అయిదో తరగతితో ఆగిపోయిన చదువు. ఒత్తులు ఎక్కడో ఒకచోట తప్పుతాయి, చదివేవాళ్లు సర్దుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికి మూడు కాగితాలు చింపేశాను.

మొన్న ఆదివారం మా మనవరాలు వసారాలో కూర్చుని సైన్సు పాఠం పైకి చదువుతోంది. నేను పక్కనే చింతపండులో గింజలు తీస్తున్నాను. పాఠం పేరు ఖగోళశాస్త్రం. పూర్వం గడియారాలు లేనప్పుడు మనుషులు నేలలో కర్ర పాతి, దాని నీడ చూసి పొద్దు తెలుసుకునేవారట. నీడ ఎంత పొడుగుందో చూసి ఏ కాలమో చెప్పేవారట. మన దేశంలో ఆ కర్రని శంకువు అనేవారట. ఎక్కడో ఎడారి దేశంలో ఒక పండితుడు, ఒక ఊళ్లో ఏడాదికోసారి మిట్టమధ్యాహ్నం నీడ మాయమైపోతుందని విని, అదే పూట ఇంకో ఊళ్లో నీడ కొలిచి, భూమి చుట్టుకొలత ఎంతో లెక్కగట్టాడట. పక్కన బొమ్మ కూడా వేశారు. గడ్డం ఆయన, కర్ర, నీడ.

"చూశావా అమ్మమ్మా, నీడ మాయమవుద్దంట."

"మన వాకిట్లో ఏడాదికి రెండుసార్లు మాయమవుద్ది" అన్నాను.

అది నవ్వింది. "నీకెవరు చెప్పారేంటి?"

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఇదే ప్రశ్న చిన్నప్పుడు మా మాస్టారు అడిగారు. దానికి జవాబు చెప్పినందుకే నన్ను బడిలోంచి బయట నిలబెట్టారు. అదంతా మనవరాలికి చెప్పబోతే సగంలో ఫోను మోగింది, అది లేచి వెళ్లిపోయింది. మిగిలిన సగం కూడా ఎవరో ఒకరు వినాలనిపించింది. అందుకే రాస్తున్నాను.

మాది నరసాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఊరు. మా నాన్న వేటకి వెళ్లేవాడు. మా ఇంటి ఆడవాళ్లు, ఇరుగుపొరుగు అత్తలు, అందరూ వాకిట్లో కూర్చుని లేసు అల్లేవారు. తెల్లదారం, సన్న సూది. గుడిసె లోపల ఆ పని కుదరదు, కంటికి ఆనదు. అందుకని పొద్దు ఎటు తిరిగితే మా చాపలు అటు తిరిగేవి. మా నాయనమ్మకి ఒకటే భయం, దారానికి చేపల వాసన పడుతుందని. ముందు బూడిదతో, తర్వాత చింతపండు పిప్పితో చేతులు రుద్దుకుని, ఆమె ముక్కు దగ్గర పెట్టి చూపిస్తేగాని సూది ఇచ్చేది కాదు. ఇప్పటికీ చింతపండు పిసికితే నాకు చారు గుర్తుకురాదు, లేసు గుర్తుకొస్తుంది.

వాకిలి మధ్యలో వలలు ఆరేసే గుంజ ఒకటి ఉండేది. నాన్నకన్నా కాస్త ఎత్తు. ఆ గుంజే మా గడియారం. దాని చుట్టూ నేలలో నాయనమ్మ ఆలిచిప్పలు గుచ్చి ఉంచేది. నీడ ఈ చిప్ప మీదికొస్తే పొయ్యి వెలిగించాలి, ఆ చిప్ప మీదికొస్తే సూదులు పక్కనపెట్టి అన్నానికి లేవాలి. నాకు లేసంటే విసుగు. ఒక చలికాలం పొద్దున్న, ఎవరూ చూడకుండా అన్నం చిప్పని పెరికి మూరెడు పడమరకి జరిపాను. నీడ పడమట నుంచి తూర్పుకి నడుస్తుంది కదా, దారిలో ముందే తగులుతుందని. తగిలింది. అందరూ లేచారు. ఎవరింట్లోనూ అన్నం ఉడకలేదు. పక్కింటి అత్త గంజి వార్చకుండానే దింపేసి, పలుకు పలుకుగా ఉన్న అన్నం రొయ్యపొట్టుతో తింటూ, "ఇయ్యాల ఆకలి ముందొచ్చిందా, పొద్దు ముందొచ్చిందా" అంది.

నాయనమ్మ గుంజ దగ్గర నిలబడి నేల వంక చూసింది, తర్వాత నా వంక చూసింది.

"ఎవరే చిప్ప జరిపింది?"

"చిప్పెవరు జరుపుతారు? సూర్యుడే జరిగుంటాడు."

"సూర్యుడు జరుగుతాడు. కానీ ఒక్క పూటలో మూరెడు జరగడు. రా ఇలాగ."

చెవి మెలిపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. చిప్పల బుట్ట నా చేతికిచ్చి, ఆ రోజు నుంచి వాటి పని నాదేనంది. రోజూ మధ్యాహ్నం నీడ బాగా పొట్టి అయినప్పుడు దాని కొసన గోరుతో గీత పెట్టాలి. శిక్షేమో అనుకున్నాను. పది రోజులు పోయాక అది శిక్షలా లేదు. గీత మీద గీత పడడం లేదు. నీడ రోజూ గుంజ వైపు కొంచెం కొంచెం వచ్చేస్తోంది. చలికాలం మొదట్లో ఉత్తరంగా బారెడు దాకా సాగిన నీడ, శివరాత్రి వెళ్లేసరికి సగమైంది. అందుకు తగ్గట్టే పొద్దు పొడిచే చోటు కూడా జరిగింది. చలికాలం సముద్రం వైపు సరుగుడు తోట వెనకనుంచి పొడిచేది, ఎండలు ముదిరేసరికి గోదావరి అవతల కొబ్బరి తోటల్లోకి వెళ్లిపోయింది. తాటిముంజలు తినే రోజుల్లో, ఒక మధ్యాహ్నం చూద్దును కదా, గుంజకి నీడే లేదు. నా కాళ్ల కింద నాకూ లేదు. గుంజ చుట్టూ తిరిగి తిరిగి వెతికాను. తర్వాత రోజుల్లో అది మళ్లీ బయటికొచ్చింది. ఈసారి ఇవతలకి, దక్షిణానికి.

"నాయనమ్మా, నీడ ఇటొచ్చేసిందే."

"వస్తుంది. జానెడు దాకా వచ్చి ఆగుద్ది. మళ్లీ ఎనక్కి పోద్ది. శ్రావణంలో గుంజ కిందకి దూరి, అక్కణ్ణించి ఉత్తరానికి తిరుగుద్ది. మా అమ్మ చూపించింది నాకు."

నాన్న చంద్రుణ్ణి చూసి పోటు ఎప్పుడొస్తుందో, పాటు ఎప్పుడు తీస్తుందో చెప్పేవాడు. అమావాస్యకీ పున్నమికీ నీళ్లు ఎక్కువ పొంగుతాయని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. మా ఇళ్లల్లో ఇదంతా చదువు అని ఎవరూ అనుకోలేదు. పని అంతే.

వేసవి సెలవులయ్యాక అయిదో తరగతి మొదలైంది. మాస్టారు పట్నం నుంచి సైకిలు మీద వచ్చేవారు. చెడ్డాయన కాదు. చేతిరాత బాగుంటే పలక ఎత్తి అందరికీ చూపించేవారు. ఆషాఢంలో ఒక రోజు బయట వాన పడుతుంటే దిక్కుల పాఠం చెప్పారు. మన బడి గుమ్మం తూర్పు, గుమ్మంలో నిలబడితే కుడిచేయి దక్షిణం, ఎడమచేయి ఉత్తరం. అంతవరకు బాగానే ఉంది.

"సూర్యుడు మనకి దక్షిణంగా ఉంటాడు. అందుచేత మధ్యాహ్నం మన నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుంది. రాసుకోండి."

నేను రాసుకోలేదు. లేచి నిలబడ్డాను.

"ఇప్పుడు పడదండి మాస్టారూ."

"ఏంటి పడనిది?"

"నీడండి. ఇప్పుడు దక్షిణానికి పడుతుందండి. మా గుంజది."

పిల్లలు నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. "మీ గుంజ సూర్యుడి మాట వినదా ఏంటి? నీకెవరు చెప్పారు?"

"మా నాయనమ్మండి. నేను గీతలు కూడా పెట్టానండి."

"మీ నాయనమ్మ ఎంతవరకు చదివింది?"

"చదవలేదండి."

మళ్లీ నవ్వారు. నేను కూర్చోలేదు. అదే ఆయనకి కోపం తెప్పించింది. పుస్తకంలో ఉన్నదాన్ని కాదంటావా, తెలియక అన్నానని చెప్పి కూర్చో అన్నారు. తెలిసే అన్నానండి అన్నాను. అప్పుడు ఆయన గొంతు మారింది.

"అయితే అబద్ధం చెప్పావన్నమాట. అబద్ధం చెప్పాను, తప్పయిపోయిందని అందరి ముందూ చెప్పు. చెప్పేదాకా లోపలికి రాకు."

నేను పలక తీసుకుని బయటికి నడిచాను.

ఇంట్లో చెప్తే అమ్మ తలకొట్టుకుంది. "ఆ ముక్కేదో చెప్పేస్తే పోయేదానికి. లేకపోతే మానెయ్, లేసు పని బోలెడుంది."

నాన్న చుట్ట పక్కనపెట్టి, "మాస్టారితో మనకెందుకు? ఒక్క మాట. నోరు అరిగిపోదుగా" అన్నాడు.

నాయనమ్మ సూది ఆపకుండానే అంది. "అబద్ధం చెప్పావని కొడితే ఒకెత్తు. చెప్పని అబద్ధం చెప్పానని అబద్ధం చెప్పమంటాడేంట్రా ఆయన? అదేం పాఠం?"

నెల రోజులు హాజరు పడకపోతే పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. నాకు బడి కావాలి. లోపలికి వెళ్లాలంటే నేను అబద్ధాలకోరునని నా నోటితో నేనే అనాలి. అనకుండా వెళ్లాలంటే మాస్టారికి నీడ చూపించాలి. నీడ చూపించాలంటే ఎండ రావాలి. పైన చూస్తే మబ్బు. పైగా ఆ నీడ నాకోసం ఆగదు. శ్రావణం వచ్చిందంటే అది ఉత్తరానికి తిరిగిపోతుంది, అప్పుడు మాస్టారి మాటే నిజమవుతుంది. మళ్లీ వైశాఖం దాకా నేను అబద్ధాలకోరునే.

గోనెసంచి మూల లోపలికి మడిచి నెత్తిన కప్పుకుని రోజూ బడికి వెళ్లాను. కిటికీ బయట చూరు కింద నిలబడి లోపల చెప్పే పాఠాలు పలక మీద రాసుకున్నాను. చూరు నీళ్లు పడి అక్షరాలు కరిగిపోయేవి. మాస్టారు రోజుకోసారి కిటికీ దగ్గరికి వచ్చేవారు.

"చెప్తావా?"

"చెప్పనండి."

అంతే. ఆయన వెళ్లిపోయేవారు. ఒక రోజు వాన మరీ ఎక్కువగా ఉంటే, "వసారాలోకి వచ్చి నిలబడు, జ్వరమొస్తుంది" అన్నారు. నేను కదల్లేదు. ఆ వయసులో అంత పొగరు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు. పోగొట్టుకోవాలని కూడా అనిపించలేదు.

మధ్యమధ్య కాసేపు ఎండ వచ్చినప్పుడు ఇంటికి పరిగెత్తి గుంజ చూసేదాన్ని. జానెడు నీడ కాస్తా ఎనిమిది వేళ్లైంది. తర్వాత ఆరు వేళ్లు. నాకు ఏడుపొచ్చింది. "ఆరు వేళ్లు చూపిస్తే ఆయనేం నమ్ముతాడు? గుంజ వంకరంటాడు" అన్నాను.

నాయనమ్మ ఆలోచించింది. "గుంజ పొట్టి కాబట్టి ఆరు వేళ్లు. పొడుగు కర్రైతే నీడా పొడుగొస్తుంది. మీ నాన్ననడుగు, పడవ గెడ ఇస్తాడేమో."

గెడంటే పడవని ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో పొడిచి నడిపే వెదురు. మూడు మనుషుల ఎత్తు. అది లేకపోతే పడవ కాలవ దాటదు. అప్పుడే గోదారికి ఎర్రనీళ్లు వచ్చాయి, చేప బాగా పడే రోజులు. అయినా నాన్నని అడిగాను. మర్నాడు పొద్దున్న మబ్బు విడిచి ఎండ కాసింది. వేటకి బయల్దేరినవాడు ఒడ్డు దాకా వెళ్లి, గెడ భుజాన వేసుకుని వెనక్కి వచ్చాడు.

"ఇయ్యాల్టికి నీడ కూరొండుకోండి" అని, బడి వైపు నడిచాడు.

వెనక నేను, నా వెనక నాయనమ్మ, ఆమె వెనక లేసు అత్తలందరూ. మాస్టారు గుమ్మంలోకి వచ్చి చూశారు. "ఏంటండీ ఇది, జాతరా?"

"జాతర కాదండి అయ్యగారూ" అంది నాయనమ్మ. "మా పిల్ల అబద్ధమాడిందేమో చూసెళ్దామని. ఆడిందని తేలితే నేనే నాలుగు తగిలించి క్షమాపణ చెప్పిస్తానండి."

మాస్టారు కాసేపు అటూ ఇటూ చూసి, సరే కానివ్వండి అన్నారు. నాన్న బడి ముందు మోకాలి లోతు గొయ్యి తీసి గెడ నిలబెట్టాడు. చుట్టూ ఇటుకలు కూరాడు.

"కర్ర వాలితే నీడ ఎటైనా పడుతుంది" అన్నారు మాస్టారు. ఆ మాట న్యాయమే.

నాయనమ్మ దానికి ముందే సిద్ధపడి వచ్చింది. గెడ నిలబెట్టకముందే పైకొసకి లేసు దారం కట్టి, దారం చివర వలకి కట్టే సీసపు గుండు వేలాడదీసింది. గుండు సరిగ్గా గెడ మొదలు మీదికి రావాలి. రాకపోతే కర్ర వాలినట్టు. వలవాళ్లకి గుండు తెలుసు, లేసువాళ్లకి దారం తెలుసు. ఆ రెండూ కలిపి కట్టింది.

"మీ కళ్లతో మీరే చూడండయ్యగారూ. ఎటు వాలిందో చెప్తే మావాడు సర్దుతాడు."

మాస్టారు పంచె సర్దుకుని గొంతుక్కూర్చున్నారు. ఒక కన్ను మూసి చూశారు. "కొంచెం పడమరకి. ఇంకొంచెం. ఆఁ, చాలు." ఆయనే నిలబెట్టించారు గెడని. లోపలున్న పిల్లలందరూ అప్పటికే బయట ఉన్నారు.

నీడ కొస మీద నేను ఒక గులకరాయి పెట్టాను. కాసేపాగి ఇంకోటి. పదిగంటల వేళ నీడ పడమరగా పొడుగ్గా ఉంది. రాళ్ల వరస మెల్లగా గెడ వైపు నడిచి వస్తోంది. పిల్లలు పందేలు వేసుకున్నారు. ఉత్తరం నుంచి దాటుతుందని ఒక జట్టు, అసలు దాటదు, ఆగిపోతుందని ఇంకో జట్టు. నా వైపు ఎవరూ లేరు. రాళ్లు ఇంకా బారెడు దూరంలో ఉండగా మబ్బు కమ్మేసింది.

నీడ పోయింది. పక్కింటి అత్త చీరచెంగులోంచి వేయించిన పనసగింజలు తీసి పంచింది. మాస్టారికి కూడా పెట్టింది. ఆయన మొహమాటపడి తిన్నారు. "ఇంకా ఎంతసేపు?" అన్నారు చేతి గడియారం చూసుకుని.

"రేపు చూద్దాం లెండి" అన్నాడు నాన్న.

"రేపు కాదు" అన్నాను నేను. రేపు అంటే మళ్లీ ఎన్ని రోజుల మబ్బో. నేను గెడ మొదట్లో కూర్చుండిపోయాను.

మబ్బు పక్కకి జరిగేసరికి నీడ చాలా దగ్గరికి వచ్చేసింది. కొస కాస్త మసగ్గా ఉంది కానీ కనపడుతోంది. రాయి పెట్టాను. ఇంకో రాయి. ఇంకోటి. గెడకి తిన్నగా వచ్చింది, దాటింది, తూర్పు వైపు నడిచింది. నేను లేచి దూరం జరిగి చూశాను. రాళ్ల వరస గెడకి ఒక పక్కనుంచి వెళ్లింది. గెడకీ దానికీ మధ్య జానన్నర జాగా.

నాయనమ్మ అడిగింది. "అయ్యగారూ, బడి గుమ్మం తూర్పేనాండి?"

"తూర్పే."

"మరి రాళ్లున్నది ఏ దిక్కండి?"

మాస్టారు గుమ్మంలోకి వెళ్లి తూర్పు ముఖంగా నిలబడ్డారు. కుడిచేయి కొంచెం ఎత్తారు. రాళ్ల వంక చూశారు, మళ్లీ చేయి వంక చూసుకున్నారు. చేయి దించేశారు. "లోపలికి రా, కూర్చో" అన్నారు నాతో.

నేను వెళ్లలేదు.

"నేను అబద్ధం చెప్పలేదని చెప్పండి మాస్టారూ. అందరి ముందూ."

నాన్న నా జబ్బ పట్టుకున్నాడు. "ఏయ్, నోర్ముయ్." నాయనమ్మ మాత్రం కదల్లేదు.

మాస్టారి ముఖం ఎర్రబడింది. సైకిలెక్కి వెళ్లిపోతారేమో అనుకున్నాను. పిల్లల వైపు తిరిగారు. "ఇది చెప్పింది నిజమే" అన్నారు. ఆగి, "ఇవాళ్టికి" అన్నారు.

"ఇవాళ్టికే కాదండి. ఏటా అండి."

లేసు అత్తలు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన నా వంక చూసి, ఇంక లాభం లేదన్నట్టు, "ఏటా" అన్నారు. అప్పుడు వెళ్లి కూర్చున్నాను.

ఆ రోజు మా ఇంట్లో గంజి, కాల్చిన ఎండుచేప. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గోదారి ఒడ్డున ఎవరికో ఈ కథంతా చెప్తుంటే విన్నాను. చెప్పేటప్పుడు గెడని ఇంకో మనిషి పొడుగు పెంచాడు.

వేసవిలో పెద్దపరీక్ష వచ్చింది. పై ఆఫీసు నుంచి వచ్చిన ప్రశ్న కాగితం. మధ్యాహ్నం మన నీడ ఏ దిక్కుకు పడును? పరీక్షకి ముందు రోజు మాస్టారు నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు. "దిద్దేది నేను కాదమ్మా. నీకు తెలిసింది నీకు తెలుసు. కాగితం మీద మాత్రం ఉత్తరమని ఒక్క ముక్క రాసెయ్." ఆయన నా మంచికే చెప్పారు. ఆ 'అమ్మా' అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నేను ఇలా రాశాను. వైశాఖం నుంచి ఆషాఢం దాకా దక్షిణం. మిగతా నెలలు ఉత్తరం. మధ్యలో రెండు రోజులు ఏ దిక్కూ లేదు. దానికి ఎర్ర సిరాతో అడ్డగీత పడింది. లెక్కల్లో ఎలాగూ తక్కువే, చివరికి ఒడ్డున పడ్డానంటే పడ్డాను. ఆరో తరగతికి పట్నం వెళ్లాలి. ఆడపిల్లని అంత దూరం పంపలేమన్నారు, సూది చేతికిచ్చారు. అది మాస్టారి తప్పు కాదు, ఆ అడ్డగీత తప్పూ కాదు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఏ ఆడపిల్లా ఆరో తరగతి చూడలేదు.

నీడ కొలిచినవాళ్లు పండితులని పుస్తకాల్లో రాస్తారు. రాయనివ్వండి, వాళ్లు గొప్పవాళ్లే. కానీ వాళ్లకి పేర్లు మిగిలాయి, మా నాయనమ్మకీ వాళ్లమ్మకీ మిగల్లేదు, అంతే తేడా. ఆ ఒక్క మార్కు వదులుకున్నందుకు నాకు ఏ రోజూ బాధ లేదు. బడిలో నేను రాసిన జవాబుల్లో చాలా వరకు ఎవరో చెప్పినవి, బట్టీపట్టినవి. అదొక్కటే నేను నేల మీద వంగి, గోరుతో గీతలు పెట్టి తెలుసుకున్నది. ఇంత వయసొచ్చాక ఎవరైనా ఆ ప్రశ్న కాగితం తెచ్చి ముందు పెట్టినా అదే రాస్తాను. అక్షరాలు అప్పటికన్నా వంకరగా వస్తాయేమో, జవాబు మాత్రం మారదు.